నలభై ఒకటో నిబంధన

పోయిన వారం పరమేశ్వరిని పాపారపట్టి రోడ్డులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక ఆటోలో కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె ఒళ్ళో ‘ఏరికరై రెసిడెన్సీ’ వారి నిబంధనల పుస్తకం ఉంది. మర్నాడు పదిన్నరకు ఆ అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఫ్లాటు రిజిస్ట్రేషను. చెరువు వైపు కిటికీలున్న ఫ్లాటు. ధర్మపురి బజారులో పాత్రల అంగడి నడిపే ఆమె భర్త రాఘవన్ అది కావాలని పట్టుబట్టాడు. కాలేయం చెడిపోయి, ఇంక నాలుగు నెలలే అని సేలం డాక్టరు చేతులెత్తేసిన మనిషి నోరు తెరిచి ఏదైనా అడిగితే కాదనేదెవరు? ఆ నాలుగు నెలల మాట పరమేశ్వరికీ, హోసూరులో ఉద్యోగం చేసే కూతురు హేమప్రియకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. రాఘవన్‌కు తెలియకుండా ఇద్దరూ కడుపులో పెట్టుకుని దాచుకొస్తున్నారు.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. పరమేశ్వరికి తమిళం చదవడం వచ్చు. ఇంట్లో మాట్లాడే తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. పేజీలు ఫోటో తీసి పంపితే హేమప్రియ ఫోనులో ఒక్కొక్కటే చదివి చెప్పింది. కుక్కల సంగతి, కార్ల సంగతి, బాల్కనీలో బట్టలారేసే సంగతి అన్నీ దాటాక, నలభై ఒకటో నిబంధన దగ్గర ఆ పిల్ల గొంతు ఆగిపోయింది.

“చెప్పు హేమా” అని రెండుసార్లు అడిగితే గానీ చెప్పలేదు.

ఫ్లాటులో ఎవరైనా చనిపోతే రెండు గంటల్లోగా శవాన్ని వెనక తలుపు గుండా బయటికి చేర్చాలి. లిఫ్టు వాడకూడదు. బయట చనిపోయినవారిని గేటు లోపలికి తేకూడదు. చావు దీపం, కర్మకాండ, బంధువులు గుమికూడడం ఫ్లాటులోనూ కుదరదు, చెరువు గట్టు మీదా కుదరదు.

మిగతావి ఎట్లా ఉన్నా, ‘దీపం’ అన్న మాట దగ్గర పరమేశ్వరి ఒళ్ళోని పుస్తకం మూసేసింది. వాళ్ళ వంశాల్లో మనిషి పోతే, ఊపిరి ఆగిన చోట కొత్త ఇత్తడి దీపం వెలిగించి, పదహారు రోజులు ఆరకుండా కాపాడతారు. పోయినవాడు ఆ వెలుగులోనే దారి చూసుకుంటాడని నమ్మకం. ఆస్పత్రిలో పోయినా, దీపం సొంత ఇంటికే వస్తుంది, ఇంకో ఇంట్లో పెట్టకూడదు. అంగడికి ఎవరైనా వచ్చి చావు దీపం అడిగితే రాఘవన్ ధర చెప్పడు, వచ్చినవాళ్ళు బేరం ఆడరు. అట్లాంటి దీపాలు వేలకు వేలు అమ్మిన మనిషి, తన వంతు వచ్చేసరికి చీకట్లో పోవాలా?

ఆ కోపంలో ఆమె ఆటోలో నుంచే ఇంకో పని కూడా చేసింది. రాఘవన్ అన్న విశ్వనాథన్‌కు ఫోన్ చేసి నలభై ఒకటి సంగతంతా చెప్పింది. అన్నదమ్ముల బజారింటికి పెద్ద ఆయనే, వంశంలో చావైనా పెండ్లైనా ముందు నిలబడేది ఆయనే. “బావగారూ, ఈ ఇల్లు కొననియ్యద్దండి. మీరొచ్చి ఆపండి” అని చెప్పి పెట్టేసింది. అది గుర్తుంచుకోండి.

ఆటో దిగాక పరమేశ్వరి నేరుగా ఆఫీసు గదికి పోలేదు. ముందు వాచ్‌మన్ కుప్పుసామిని పట్టుకుని, వెనక తలుపు చూపించమంది. ఎందుకని అతను అడగలేదు. జనరేటరు గది పక్కగా తీసుకుపోయాడు. రెండు చెత్త తొట్లు, వాటి వెనక ఇనుప తలుపు. అక్కడినుంచి పైకి ఇరుకైన మెట్లు. మెట్ల మలుపులో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాలి. పడుకోబెట్టిన మనిషిని ఆ మలుపు తిప్పడం ఎట్లాగో ఆమెకు అర్థం కాలేదు.

“పోయిన ఏడాది రెండో అంతస్తులో ఒక పెద్దాయన పోయినాడు” అన్నాడు కుప్పుసామి తమిళంలో. “కుర్చీలో కూర్చోబెట్టి, పంచెతో కట్టి దించినాము.”

పరమేశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుని ఆఫీసు గదికి నడిచింది.

గదిలో సుబ్బరాయన్ ఫ్యాను కింద కూర్చుని ఏదో రశీదు రాస్తున్నాడు. ఫ్లాటు కుదిర్చిన దళారీ అతనే, అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శీ అతనే. నెల కింద మొదటిసారి అంగడికి వచ్చినప్పుడు అందరిలాగే తమిళంలోనే మొదలుపెట్టాడు. లోపల పరమేశ్వరి భర్తతో తెలుగులో ఏదో అనడం వినగానే, “అక్కా, మీరు మనోళ్ళా!” అని ముఖం ఇంత చేసుకున్నాడు. అంతే. అక్కా, బావా అన్న వరసలు అక్కడే కుదిరిపోయాయి. అరవ దేశంలో నాలుగు వందల ఏళ్ళుగా కాపురాలు చేస్తున్నవాళ్ళకు ఇదొక జబ్బు. బయటివాడైతే పత్రాన్ని నలుగురు వకీళ్ళకు చూపిస్తారు. తెలుగు మాట చెవిన పడితే చాలు, కాగితం అడగడం తప్పనుకుంటారు. మనోడి ముందు కళ్ళజోడు పెట్టుకుని చదవడం వాడి ముఖం మీద ఉమ్మినంత పని అనుకుంటారు. నిబంధనల పుస్తకం నెలగా బీరువాలో పడి ఉంటే, రిజిస్ట్రేషనుకు ఒక్క రోజు ముందు అది బయటికి రావడానికి కారణం ఈ మర్యాదే.

“రాక్కా, కూర్చో. ఎండలో వచ్చినావు, మజ్జిగ తెప్పిస్తాను.”

“మజ్జిగ వద్దు తమ్ముడూ. నలభై ఒకటి నిజమేనా?”

సుబ్బరాయన్ రాస్తున్న కలం ఆపాడు. ఏ నలభై ఒకటి అని అడగలేదు.

“నిజమేక్కా.”

“చచ్చినోళ్ళని కుర్చీకి కట్టి, కుప్పతొట్టి పక్కన మోసుకుపోయే ఇల్లు మాకేంటికి చూపించినావు? ఊళ్ళో ఇండ్లే లేవా? అక్కా అన్నావు. మా ఇంట్లో నాలుగుసార్లు కూర్చోని అన్నం తిన్నావు. ఆ చేతికి నేనే వడ్డించినాను.”

“నేను రాసిన రూలు కాదక్కా. సంఘంలో ఓటు పెట్టినారు. నలభై ఎనిమిది ఇండ్లుండాయి. పిల్లోళ్ళు భయపడతారన్నారు, ఇండ్ల ధర పడిపోతాదన్నారు. నలభై రెండు ఇండ్లోళ్ళు చేతులెత్తినారు.”

“నువ్వు?”

అతను కలానికి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“నేనూ ఎత్తినాను.”

“నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు చేసినావు కదరా!” పరమేశ్వరి గొంతు పెరిగింది. బయట కుప్పుసామి తల ఇటు తిప్పి, అటు తిప్పుకున్నాడు. “రేపు రిజిస్టరు లేదు, ఏమీ లేదు. మా బావగారికి చెప్పినాను. ఆయనొచ్చి నీతో మాట్లాడతాడు. ఆ మనిషికి, మా ఇంటాయనకి, ఇట్లాంటి ఇల్లని ఒక్క మాట చెప్పుంటే ఈ గడప తొక్కుండడు. ఒక్క మాట! నోరు రాలేదా నీకి?”

ఆమె ఏడుస్తోంది. ఏడుస్తున్నానని ఆమెకే తెలియదు. సుబ్బరాయన్ లేచి నిలబడ్డాడు. కొట్టినా పడేటట్టు నిలబడ్డాడు గానీ, అతని ముఖంలో దొరికిపోయిన దొంగ భయం లేదు. ఇంకేదో ఉంది.

“నేను చెప్పలేదని ఎవరు చెప్పినారక్కా నీకు?” అన్నాడు మెల్లగా.

బల్ల సొరుగు లాగి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. దానికి ఒక తమిళ పేజీ కూడా కుట్టి ఉంది. చేత్తో రాసిన తమిళం. మొదటి వాక్యంలోనే ఉంది: నలభై ఒకటో నిబంధన చదివి, అర్థం చేసుకుని, మనసారా ఒప్పుకుంటున్నాము. కింద రెండు సంతకాలకు చోటు. ఒకటి ఖాళీగా ఉంది. రెండోదాంట్లో, అంగడి రశీదుల మీద ముప్పై ఏళ్ళుగా ఆమె చూస్తున్న సంతకం ఉంది. తేదీ మూడు వారాల కిందటిది.

“బావకి మూడుసార్లు చదివి చెప్పినాను. ‘ఇది వద్దు బావా, మీకు సరిపడదు, వేరే ఇల్లు చూపిస్తా’ అని కూడా అన్నాను. కమీషను పోయినా పరవాలేదనుకున్నాను. ఆయన వినలేదు. నీకు మాత్రం చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇంకొక చోటుంది చూడు, అది నీదే. ఇంటావిడ కూడా ఒప్పుకుని సంతకం చేస్తేనే సంఘం ఒప్పుదల ఇస్తాది. అది లేకుంటే రేపు రిజిస్టరు జరగదు.”

“ఆయనతో మాట్లాడాల” అంది పరమేశ్వరి.

“పైనే ఉండాడక్కా. పొద్దున తాళంచెవి తీసుకోని పోయినాడు.”

ఆమె కాగితం తీసుకుని లిఫ్టు ఎక్కింది. బల్ల మీది కలం కూడా చేతిలోకి ఎట్లా వచ్చిందో ఆమె చూసుకోలేదు.

ఫ్లాటు తలుపు దగ్గరగా వేసి ఉంది. హాలులో సామాను ఏమీ లేదు. కిటికీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో రాఘవన్. ఉబ్బిన పాదాలు చల్లటి నేల మీద ఆనించి చెరువు వైపు చూస్తున్నాడు. మొన్నటి వానలకు చెరువు సగం నిండింది. అవతలి ఒడ్డున ఎవరిదో ఎనుము మెడదాకా మునిగి పడుకుని ఉంది.

“వచ్చినావా. తలుపు మూసెయ్, గాలికి కొట్టుకుంటాది.”

ఆమె మూసింది. కాగితం ఆయన ముందు పట్టుకుంది. రాఘవన్ దాన్ని చూసి, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు.

“ఏంటికి దాచినారు నాకి?” అంది.

“నువ్వు చెప్పినావా, నాలుగు నెలలని?”

పరమేశ్వరి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నెలన్నరగా దాచింది. నవ్వు ముఖం పెట్టి మాత్రలు ఇచ్చింది. ‘వచ్చే దీపావళికి కొత్త సరుకు దించుదామా’ అని ఆయనతో అబద్ధపు లెక్కలు వేసింది. అదంతా ఆయన తెలిసే విన్నాడా?

“ఎవరు చెప్పినారు?”

“నువ్వే.” రాఘవన్ నవ్వాడు. “డాక్టరు రూము బయట నువ్వూ హేమా బెంచీ మీద కూర్చోని మాట్లాడుకోలేదా? తెలుగులో. సేలంలో ఎవరికర్థమవుతాదిలే అని గట్టిగానే మాట్లాడుకున్నారు. తలుపుకి ఇవతల మంచం మీద నేనుండాను కదే. నాకి తెలుగు రాదా?”

జన్మంతా వాళ్ళకు అది అలవాటు. అంగట్లో గిరాకీ ముందే తెలుగులో ధర మాట్లాడుకుంటారు, బస్సులో పక్కమనిషిని పక్కనే ఉంచుకుని తెలుగులో చెప్పుకుంటారు. ఇంటి భాష వాళ్ళకు తాళం వేసిన పెట్టె. ఎవరి నుంచి దాచాలో ఆ మనిషి దగ్గర కూడా ఆ తాళంచెవి ఉందని తల్లీకూతుళ్ళకు ఆ రోజు తట్టలేదు. తలచుకుంటే నవ్వు రావాల్సిన సంగతే. పరమేశ్వరికి నవ్వు రాలేదు.

“తెలిసి కూడా ఈ ఇల్లేంటికండీ?” అంది ఏడుస్తూ. “ఈడ దీపం పెట్టనియ్యరు. దీపం లేకుంటే మీకి దారెట్లా తెలుస్తాది?”

“కరెంటు పోయినప్పుడు అంగట్లో తడుముకుంటా పోలేదా? అట్లే పోతాను.” ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. “గోవిందమ్మాళ్ అక్క గుర్తుందా నీకి?”

ఎందుకు గుర్తుండదు? రాఘవన్ పెద్దక్క. కారిమంగళంలో అత్తవారింటి వెనక గదిలో ఉండేది. కొత్త కోడలిగా పరమేశ్వరి చూడబోయినప్పుడు, తలుపు సందులో నుంచి చెయ్యి మాత్రం చాచి పళ్ళెం అందుకుంది. ఆ మణికట్టు మీద అడ్డంగా తెల్లటి మచ్చ ఉండేది.

“మా బావ పోయినప్పుడు అక్కకి ముప్పై ఏండ్లు. నాకి పంతొమ్మిది. దీపానికి నూనె పోయాల్సింది పోయినాయన పెండ్లాం తమ్ముడు. పదహారు రోజులు నిద్ర కాచి పోసినాను, ఒక్కసారి కూడా ఆరనియ్యలేదు. ఎంత మెచ్చుకున్నారో తెలుసా? పదహారో నాడు తెల్లారకముందే, ఆ దీపం ముందరే అక్కని కూర్చోబెట్టినారు. పూలు పెట్టి, పసుపు పూసి, చేతుల నిండా గాజులు తొడిగినారు. మళ్ళా ఒక్కొక్కటే తీసినారు. గాజుల దగ్గరికి వచ్చేతలికి అక్క చేతులు వెనక్కి లాక్కునింది. అన్న నన్ను చూసి, ‘పట్టుకోరా’ అన్నాడు.”

చెరువు మీద ఒక పక్షి నీళ్ళను తాకి లేచింది. రాఘవన్ దాన్ని చూస్తూనే అన్నాడు.

“పట్టుకున్నాను. రాయితో కొట్టినప్పుడు గాజు ముక్క దిగింది. ఆ రక్తం నా చేతి మీద పడింది పరమేశూ. పదకొండేండ్లు బతికింది అక్క, ఒక్కనాడు ముందరింట్లోకి రాలేదు. నాతో ఒక్కమాట మాట్లాడలేదు.”

“ఈ కాలంలో ఎవరండీ అట్లా చేసేది?”

“మూడేండ్ల కింద మన వంశంలోనే మునియన్ పోతే ఆయన పెండ్లానికి ఎవరు చేసినారు? అన్నే కదా ముందర నిలబడినాడు. నువ్వూ పోయినావు. పసుపు గిన్నె పట్టుకున్నింది నువ్వే.”

నిజమే. పట్టుకుంది. పెద్దవాళ్ళు చేతికిస్తే పట్టుకుంది. ఆ రోజు మునియన్ భార్య ఎవరి ముఖం వైపూ చూడలేదు. తన వైపు మాత్రం ఒక్కసారి చూసింది. ఆ చూపును మూడేళ్ళుగా పరమేశ్వరి ఎక్కడో అడుగున పెట్టి, పైన ఏవేవో పేర్చుకుంటూ వచ్చింది.

“మన వాడుకలో దీపం యాడుంటే పదహారో నాటి కారియం ఆడనే” అన్నాడు రాఘవన్. “దీపమే లేకుంటే పదహారో నాడు లేదు. అన్న నిన్ను యాడ కూర్చోబెడతాడు? ఆస్పత్రిలో పోయినా దీపం సొంతింటికే పోతాది. ఇప్పటిదాకా మన సొంతిల్లంటే అన్న ఉండే బజారిల్లే. అందుకని ఇంకొక సొంతిల్లు వెతికినాను. దీపం పెట్టనీయని ఇల్లు. నేను వద్దంటే అన్న వింటాడా? నేనే ఉండను కదా అప్పటికి. వీళ్ళ రూలైతే వింటాడు. గేటు దగ్గరే ఆపేస్తారు.”

ఆ అపార్ట్‌మెంటులో అందరూ నీళ్ళు చూసి కొన్నారు. రాఘవన్ ఒక్కడే నిబంధన చూసి కొంటున్నాడు. ఆ సంగతి పరమేశ్వరికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక గుండె తేలిక పడిందా అంటే లేదు. ఆయన దారి ఆయనకు కావాలి. ఆ దారికి దీపం కావాలి. ఆ నమ్మకం ఆమెకు తల్లి పాలతో వచ్చింది, ఒక్క మధ్యాహ్నంలో పోయేది కాదు. సంతకం చేస్తే ఆయనను చేతులారా చీకట్లోకి పంపినట్టు. చెయ్యకపోతే ఆయన బతికున్నన్ని రోజులూ ఆ పదహారో నాటిని తలచుకుంటూ కుమిలిపోతాడు.

“చెయ్యి పరమేశూ” అన్నాడు రాఘవన్. ఆయన ఇంతకుముందు ఆమెను దేనికీ బతిమాలింది లేదు. “నాకి దీపం వద్దు. నీ చేతులు పట్టుకునేదానికి ఇంకొక పంతొమ్మిదేండ్లోడు వద్దు.”

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు.

“ఏమండీ...” అంది. “బావగారికి ఫోన్ చేసినాను. ఆటోలో నుంచి. నలభై ఒకటి గురించి అంతా చెప్పినాను. వచ్చి ఆపమన్నాను.”

కొరివితో తల గోక్కోవడం అంటారే, అది. రాఘవన్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. అన్న మాట ఆయన ఎన్నడూ దాటలేదు. దాటే ధైర్యం ఉన్నవాడైతే ఆ రోజు అక్క చేతులు వదిలేసేవాడు. ఆ ధైర్యం లేకనే ఈ ఇంటిని, ఈ కాగితాన్ని అడ్డం పెట్టుకున్నాడు. అన్న వచ్చి ఎదురుగా నిలబడి ‘ఇంటికి పోదాం రారా’ అంటే, ఈ మనిషి ఉబ్బిన కాళ్ళతో లేచి వెనకాలే నడుస్తాడని పరమేశ్వరికి తెలుసు.

కింద కారు ఆగిన చప్పుడైంది. కుప్పుసామి గేటు తెరుస్తున్నాడు. విశ్వనాథన్ ఇంకా గేటు లోపలికి రావచ్చు. ఈ ఇల్లు ఇంకా వాళ్ళది కాలేదు.

లిఫ్టు మూలుగుతూ పైకి వస్తోంది. పరమేశ్వరి కాగితాన్ని నేల మీద పరిచింది. కలం మూత తీసింది. ముంజేతి గాజులు కిందికి జారి గలగలమన్నాయి. రోజూ వినే చప్పుడే. ఆమె వాటిని చూసింది, ఆయన మూసుకున్న కళ్ళను చూసింది.

“మీకి చీకటిగా ఉంటే నన్ను తిట్టుకోకూడదు” అంది.

“తిట్టుకోను” అన్నాడు రాఘవన్ కళ్ళు తెరవకుండానే.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. చెప్పుల చప్పుడు గడప దాకా వచ్చి ఆగింది, తలుపు నెట్టుకుని లోపలికి వచ్చింది. పరమేశ్వరి తల ఎత్తలేదు. ఖాళీ చోట ఆమె పేరులో మొదటి అక్షరం పడింది. రెండోది పడేలోగా, మూడు ఉంగరాలున్న విశ్వనాథన్ అరచెయ్యి కాగితం మీద పడింది.

“తమ్ముణ్ణి ఇంటికి తీసుకోని పోయేదానికి వచ్చినానమ్మా” అన్నాడు ఆయన. “కలం కింద పెట్టు.”

ఆమె పెట్టలేదు.